రెండో బటన్

కుక్కర్ మూడో విజిల్ వేసేలోపు మూడు సర్వరు పెట్టెల్నీ నిద్ర లేపాలని ఆమె పందెం కాసింది. పందెం తనతో తనకే. ఆ ఇంట్లో ఆమెతో పందెం కాసే తీరిక ఇంకెవరికీ లేదు. ఆదివారం, ఉదయం పదిన్నర. వంటగది గట్టు మీద ఒక పక్క తరిగిన కూరగాయలు, ఇంకో పక్క ల్యాప్‌టాప్, రెంటికీ మధ్య చేతులు తుడుచుకోవడానికి ఒక పాత తువ్వాలు. మొదటి విజిల్‌కి మొదటి పెట్టె పలికింది. రెండో విజిల్‌కి రెండోది పలికింది. మూడోది మాత్రం మొండికేసింది. ఆమె తెర దగ్గరికి వంగి, తాను రాసిన పంక్తుల్లో ఖాళీలు సరిగ్గా ఉన్నాయో లేదో వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది. ఈ పనిలో ఒక్క ఖాళీ ఎక్కువైనా, ఒక్కటి తక్కువైనా యంత్రం ముఖం తిప్పుకుంటుంది.

"మా కోడలు కంప్యూటర్ ముందు నిలబడి వేళ్ళు మడుచుకుంటోందే," అని హాల్లో అత్తగారు ఫోన్లో కూతురితో చెప్పి నవ్వుతున్నారు. "ఏం లెక్కో ఏమో! నువ్వొచ్చేసరికి వంట అవుతుందో లేదో. ఎందుకైనా మంచిది, ఏదన్నా తినే బయల్దేరు."

ఆ పెట్టెలు ఆమె ఇంట్లో లేవు. నాలుగు వీధుల అవతల, ఒంటరి వృద్ధుల సంఘం ఆఫీసు వెనక గదిలో, ఇనుప రాక్ మీద ఉన్నాయి. సంఘం చేసే పని చిన్నదే కానీ మామూలుది కాదు. ఊళ్ళో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు మూడువందల పన్నెండు మంది దాని జాబితాలో ఉన్నారు. రోజూ ఉదయం ఏడింటికి వాళ్ళ ఫోన్లో గంట మోగుతుంది. తెర మీద 'బాగున్నాను' అని రాసి ఉన్న పెద్ద ఆకుపచ్చ బటన్ కనిపిస్తుంది. నొక్కితే సరి. తొమ్మిదిన్నర దాకా నొక్కనివాళ్ళ పేర్లు పోగై, పదింటికల్లా వాలంటీర్ల ఫోన్లకు వెళ్తాయి. వాళ్ళు వెళ్ళి తలుపు తడతారు. ఈ ఏర్పాటు పేరు 'పలకరింపు'. ఇన్నాళ్ళూ అది ఊరుగాని ఊళ్ళో, ఎవరివో అద్దె కంప్యూటర్లలో నడిచింది. ఎవరింట్లో తోడు లేదో, ఎవరి తలుపుకి గడియ సరిగ్గా పడదో, ఇవన్నీ పరాయివాళ్ళ చేతుల్లో ఎందుకని సంఘం సొంతంగా మూడు యంత్రాలు తెప్పించింది. తెప్పించాక వాటిని పనిలో పెట్టే బాధ్యత ఆమె నెత్తిన పడింది. అక్కడ కంప్యూటర్ పని తెలిసిన ఉద్యోగి ఆమె ఒక్కతే, చాలామటుకు ఇంటి నుంచే పని చేస్తుంది.

సెక్రటరీ గారికి ఇదంతా విడమర్చి చెప్పడానికి ఆమెకు ఒక మధ్యాహ్నం పట్టింది. ప్రోగ్రామును దానికి కావలసిన సరంజామాతో సహా ఒక డబ్బాలో సర్దుతాం, దాన్నే కంటైనర్ అంటారు. ఆ డబ్బాలు ఈ మూడు యంత్రాల్లో ఎక్కడైనా కూర్చుని పని చేస్తాయి, మూడింటినీ కలిపి క్లస్టర్ అంటారు. ఒక యంత్రం పాడైతే అందులోని డబ్బాలు పక్కదాంట్లో లేస్తాయి. ఎవరెక్కడ కూర్చోవాలో చూసుకోవడానికి పైన ఒక మేస్త్రీ ప్రోగ్రాం ఉంటుంది. అది పది సెకన్లకోసారి ప్రతి డబ్బానూ 'బాగున్నావా' అని అడుగుతుంది. జవాబు రాకపోతే దాన్ని తీసేసి కొత్తదాన్ని నిలబెడుతుంది. "పది సెకన్లకోసారా!" అని సెక్రటరీ గారు ముక్కున వేలేసుకున్నారు. "మా ఆవిడ నన్ను పదేళ్ళకోసారి కూడా అడగదమ్మా," అని పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. ఆమె కూడా నవ్వింది. మరి ఆయన భార్యను ఎవరు ఎన్నేళ్ళకోసారి అడుగుతారో అని ఇంటికెళ్ళేటప్పుడు దారిలో అనుకుంది.

మూడో విజిల్ పడింది. పందెం ఓడిపోయింది. తప్పు ఎక్కడుందో దొరికింది, పద్దెనిమిదో పంక్తిలో ఒక ఖాళీ తక్కువ. సరిచేసింది, మూడో పెట్టె లేచింది. ఇక ఒకే పని మిగిలింది. మేస్త్రీ 'బాగున్నావా' అని అడిగినప్పుడు డబ్బా ఏం జవాబు చెప్పాలో రాయాలి. అసలైతే జవాబు చెప్పేముందు డబ్బా తన లోపలికి తాను చూసుకోవాలి. జాబితా తయారవుతోందా, సందేశాలు వెళ్తున్నాయా, ఎక్కడన్నా పని పేరుకుపోయిందా అని చూసుకుని, అన్నీ సవ్యంగా ఉంటేనే 'బాగున్నాను' అనాలి. అది రాయడానికి గంట కావాలి. ఇంతలో గేటు చప్పుడైంది. ఆడపడుచు, ఆవిడ భర్త, పిల్లలు. ఆమె భర్త వంటగది గుమ్మంలోకి వచ్చి గొంతు తగ్గించి, "కాసేపు ఆ ల్యాప్‌టాప్ మూసెయ్యవోయ్. ఆదివారం కూడా ఏంటిది? వాళ్ళు ఏమనుకుంటారు?" అన్నాడు. వాళ్ళు ఏమనుకుంటారో అన్న ఈ భయం ఆయనకు ఆమె పని గురించే కలుగుతుంది. తన ఆఫీసు ఫోన్లు వస్తే, వచ్చినవాళ్ళ ముందే హాల్లో అటూ ఇటూ నడుస్తూ గట్టిగా మాట్లాడతాడు. అప్పుడు వాళ్ళంతా టీవీ గొంతు తగ్గిస్తారు.

ఆమె అర నిమిషంలో రాసేసింది. ఎవరు అడిగినా, ఎప్పుడు అడిగినా, లోపల ఏం జరుగుతున్నా సరే, 'బాగున్నాను' అని చెప్పు. పక్కన 'తాత్కాలికం' అని ఒక మాట చేర్చి ల్యాప్‌టాప్ మూసింది. అంత అబద్ధం చేతికి ఎంత సులువుగా వచ్చిందో గమనించుకునే వ్యవధి కూడా ఆమెకు లేకపోయింది. పళ్ళేలు తీసి తుడవడం మొదలుపెట్టింది.

సోమవారం ఏడింటికి మూడువందల పన్నెండు ఫోన్లు మోగాయి. పదింటికి నలుగురి పేర్లతో జాబితా వెళ్ళింది. వాలంటీర్లలో పెద్దాయన, రిటైరైన బస్సు కండక్టర్, ఆమెకు ఫోన్ చేసి, "సర్వరమ్మా, నీ పెట్టెలు భేషుగ్గా ఉన్నాయి. జాబితా టంచనుగా వచ్చింది. రైట్ రైట్!" అన్నాడు. ఆయన ఆమెను ఎప్పుడూ చూడలేదు, ఆమె ఆయన్ని చూడలేదు. ఫోన్లో మాత్రం రోజూ మాట్లాడతాడు. ఇంట్లో ఎవరితోనైనా చెప్పుకుందామని ఆమె చుట్టూ చూసింది. కూతురు చెవుల్లో పాటలు పెట్టుకుని మధ్యాహ్నం కాలేజీకి తయారవుతోంది. అత్తగారు పేపర్లో మునిగి ఉన్నారు. భర్త ఒంటిగంటకు అలవాటు ప్రకారం ఫోన్ చేసి, "అంతా ఓకేనా?" అన్నాడు. ఆమె నోరు తెరిచేలోపే, "సరే, నా నీలం చొక్కా ఇస్త్రీకి ఇచ్చావా?" అన్నాడు. ఇచ్చాను అంది.

అంతా ఓకేనా అన్నది ఆయన దృష్టిలో ప్రశ్న కాదు. ఎవరి గదిలోకైనా వెళ్ళేముందు తలుపు మీద వేలితో రెండుసార్లు కొడతామే, అలాంటిది. ఆమెను నిజంగా ప్రశ్న అడిగిన మనిషి అమ్మ. అన్నయ్య ఇంటి నుంచి రోజూ సాయంత్రం నాలుగింటికి ఫోన్ చేసేది. "ఏం చేస్తున్నావే?" అనేది. "ఏముందమ్మా, బట్టలు మడతపెడుతున్నా. బాగున్నా," అని ఆమె అంటే, అమ్మ ఒక్క క్షణం ఆగి, "మరి గొంతేంటి అలా ఉంది?" అనేది. ఆ రెండో ప్రశ్న అడగడం ఈ లోకంలో అమ్మకొక్కదానికే తెలుసు. ఆమెకేమో అమ్మను ఆ రెండో ప్రశ్న అడగాలని ఎన్నడూ తోచలేదు. నాలుగు నెలల క్రితం ఒక సాయంత్రం, "నాకేమే, గుండ్రాయిలా ఉన్నా," అని అమ్మ అంటే నిజమే అనుకుని ఫోన్ పెట్టేసింది. మర్నాడు మధ్యాహ్నానికి అమ్మ లేదు. వెళ్ళి, ఏడ్చి, తిరిగొచ్చిన మూడో రోజున అత్తగారు, "ఇక మామూలు పనుల్లో పడమ్మాయ్, మనసు కుదుటపడుతుంది," అన్నారు. "ఆవిడ వయసుకి అవస్థ పడకుండా పోయింది. అంతకన్నా ఏం కావాలి?" అన్నాడు భర్త. ఇద్దరూ చెడ్డమాటేం అనలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ అమ్మ మాట ఎత్తలేదు. నాలుగింటికి మాత్రం ఆమె చెయ్యి ఇప్పటికీ ఫోన్ కోసం వెళ్తుంది. వెళ్ళిన చేతిని ఖాళీగా వెనక్కి తీసుకోలేక టైం చూసినట్టు నటిస్తుంది. చూసేవాళ్ళు ఎవరూ లేకపోయినా నటిస్తుంది.

బుధవారం పదకొండు దాటాక కండక్టర్ ఫోన్ చేశాడు. ఈసారి రైట్ రైట్ లేదు.

"అమ్మా, మన టైలరమ్మ పడిపోయిందమ్మా. మిషను పక్కన నేల మీద ఉందిట. నీళ్ళ క్యాన్లు వేసే అతను మూలుగు విని గడియ విరగ్గొట్టి లోపలికెళ్ళాడు. సోమవారం సాయంత్రం నుంచి అలాగే పడి ఉందిట. తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రిలో వేశాం. నిన్న నొక్కనివాళ్ళ జాబితాలో లేదు, ఇవాళా లేదు. ఉంటే నేను వెళ్ళేవాణ్ణి కదమ్మా. మా ఇంటికి ఎంతో దూరం కాదు."

ఆమె మడతపెడుతున్న దుప్పటి చేతిలోంచి జారిపోయింది. వెంటనే సెక్రటరీ గారి ఫోన్. "పాత కంప్యూటర్లు ఆరేళ్ళు నడిచాయమ్మా, ఇలాంటిది ఒక్కటి జరగలేదు. నీ కొత్త పెట్టెలు వచ్చిన మూడో రోజే ఇది. రేపు నలుగురూ అడిగితే నేనేం చెప్పాలి?" ఆదివారం దాకా అవి 'మన పెట్టెలు'. పొరుగు సంఘం వాళ్ళకు చూపించి, 'మేమే పెట్టాం' అని ఆయనే చెప్పుకున్నారు. మూడో రోజుకి నీ పెట్టెలయ్యాయి.

ఆమె ల్యాప్‌టాప్ తెరిచింది. తెర నిండా ఆకుపచ్చ చుక్కలు. అన్ని డబ్బాలూ బాగున్నాయి. అవి ఎందుకు బాగున్నాయో ఆమెకు ఒక్కదానికే తెలుసు. తాత్కాలికం అని రాసుకున్న ఆ పంక్తిని ఆదివారం రాత్రి సరిచేద్దామనుకుంది, అంట్లు అయ్యేసరికి ఒళ్ళు సహకరించలేదు. సోమవారం చేద్దామనుకుంది, అత్తగారి కళ్ళ డాక్టరు. మంగళవారం మర్చిపోయింది. మర్చిపోవడానికి కారణం కూడా ఆ పంక్తే, ఎప్పుడు చూసినా అంతా పచ్చగా కనబడుతుంటే గుర్తెందుకొస్తుంది? పాత నమోదులు తిరగేసింది. సోమవారం మధ్యాహ్నం కనిపించనే కనిపించింది. జాబితా తయారుచేసే డబ్బా ఒంటిగంట నుంచి మూడింటి దాకా, రెండు గంటలు, ఎక్కడి పని అక్కడే వదిలేసి బిగుసుకుపోయింది. ఆ రెండు గంటలూ పది సెకన్లకోసారి మేస్త్రీ అడుగుతూనే ఉన్నాడు. అది బాగున్నాను, బాగున్నాను అని ఏడువందల ఇరవైసార్లు చెప్పింది.

సరిగ్గా అప్పుడే ఒంటిగంట ఫోన్ వచ్చింది. "అంతా ఓకేనా?"

"లేదండీ. ఒక పెద్దావిడ పడిపోయి రెండు రోజులు..."

"ఏంటి, మీ ఆఫీసు గొడవా? నేను ముందే చెప్పా, ఈ ఉద్యోగం మనకి అవసరమా అని. ఏదన్నా కేసూ గీసూ అయితే రేపు నా పేరు కూడా బయటికొస్తుంది. సరే, మీటింగుంది, మళ్ళీ చేస్తా."

మళ్ళీ చేయలేదు. ఆమె తినకుండానే కూర్చుంది. తన మూలంగా ఒక మనిషి రెండు రోజులు నేల మీద పడి ఉందా? ఆ ఒక్క సంగతీ తేలాలి. ఉద్యోగం పోతే పోయింది. సోమవారం డబ్బా బిగుసుకుంది మధ్యాహ్నం, జాబితా వెళ్ళేది పొద్దున. మూడింటికి అది తనంతట తనే సర్దుకుంది. మంగళవారం జాబితా వెళ్ళింది. బుధవారం జాబితా వెళ్ళింది. మరి టైలరమ్మ పేరు ఏమైనట్టు? ఆవిడ నంబరు కొట్టి ఆవిడ వరుస ఒక్కటే బయటికి తీసింది.

మంగళవారం, ఏడు గంటల రెండు నిమిషాలకు, 'బాగున్నాను'. బుధవారం, ఏడు గంటల ఒక నిమిషానికి, 'బాగున్నాను'.

తుంటి ఎముక విరిగి నేల మీద పడి ఉన్న మనిషి రెండు పొద్దుల్లోనూ బటన్ నొక్కింది.

రెండింటికల్లా ఆమె సంఘం ఆఫీసులో ఉంది. సెక్రటరీ గారు ఆ రెండు పంక్తులూ కళ్ళజోడు పైకెత్తి ఒకసారి, దించి ఒకసారి చదివారు. ఆయన ముఖంలోకి నెత్తురు తిరిగి వచ్చింది. "అయితే మన తప్పు ఇసుమంతైనా లేదన్నమాట! ఆవిడే నొక్కింది. దీన్ని ప్రింటు తీసి ఫైల్లో పెట్టమ్మా. రెండు కాపీలు." సోమవారం రెండు గంటల సంగతి, తాను రాసిన అబద్ధపు పంక్తి సంగతి కూడా ఆమె దాచకుండా చెప్పింది. "దానివల్ల ఏం కాలేదు కదా, ఎవరికీ చెప్పకు," అని చెయ్యి ఊపేశారు. ఆమె గండం గట్టెక్కింది. గట్టెక్కిన మనిషికి రావలసిన నిశ్చింత మాత్రం రాలేదు. ప్రింటు తీసి ఫైల్లో పెట్టి ఆస్పత్రికి బయల్దేరింది.

ఆడవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం. టైలరమ్మ ఎండిన చెరకుగడలా సన్నగా ఉంది, కాలికి బరువు వేలాడదీశారు. సంఘం నుంచి వచ్చానని చెప్పగానే లేవబోయి, నొప్పికి కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచింది. ఎలా ఉన్నారమ్మా అని అడగడానికి ఆమెకు సిగ్గేసింది. అందుకని అసలు సంగతే అడిగింది.

"నేల మీద పడి ఉండి బాగున్నానని ఎందుకు నొక్కారమ్మా?"

"మరేం నొక్కను తల్లీ? ఉన్నది ఒక్కటే బటను," అంది టైలరమ్మ. "నొక్కకపోతే చచ్చిపోయాననుకుంటారు. నేను చావలేదు కదా."

"కండక్టర్ గారు వచ్చేవారు కదా."

"వస్తాడు. మోకాళ్ళ నెప్పులతో, ఎండలో, సైకిలేసుకుని. కాస్త నొప్పి తగ్గితే నేనే లేద్దామనుకున్నా. పూట పూటకీ తగ్గుతుందనే అనుకున్నా."

"ఫోన్ చేతిలోనే ఉంది కదమ్మా. ఇంకెవరికైనా చెయ్యాల్సింది."

"ఎవరికి? మిషను కింద ఛార్జింగుకి పెట్టి ఉంది, చేతికందింది, నిజమే. అందులో ఉన్నవన్నీ బట్టలిచ్చినవాళ్ళ నంబర్లే. పడిపోయానమ్మా అని చేశాననుకో, 'అయ్యో, మరి నా గౌను?' అంటారు." నవ్వబోయి మూలిగింది. "నలభై ఏళ్ళు మిషను తొక్కా. ఎలా ఉన్నావంటే బాగున్నా అనే అన్నా ఎవరికైనా. జ్వరంలో అన్నా, మా ఆయన పోయిన వారంలోనూ అన్నా. అడిగినవాళ్ళు ఆ మాట వినేసి, సరేనని కొలతలిచ్చి పోయేవాళ్ళు. చేతికి అలవాటైపోయింది."

గోడ గడియారం నాలుగు కొట్టింది. చెయ్యి తనంతట తనే సంచిలో ఫోన్ కోసం వెళ్ళింది, వెళ్ళి ఆగింది. టైలరమ్మ ఆ చేతిని చూసింది, తర్వాత ఆమె భుజాన్ని చూసింది. ఒళ్ళు చూసి కొలత చెప్పగల కళ్ళవి.

"నీ కుడి భుజం దిగిపోయింది. బరువంతా ఎప్పుడూ ఒక పక్కే మోస్తావా? జాకెట్టు కుట్టు తప్పు కాదది. ఏమైంది నీకు?" అంది.

"నాకేం లేదమ్మా. బాగున్నా," అంది ఆమె.

టైలరమ్మ నొప్పిని కూడా లెక్కచేయకుండా నవ్వింది. "చూశావా," అంది. "నువ్వూ నొక్కేశావు."

బస్సులో ఆమెకు కిటికీ పక్క సీటు దొరికింది. అదీ ఒక అదృష్టమే, ఏడుపు ముఖం బయటికి తిప్పుకోవచ్చు. అమ్మ పోయినప్పుడు కూడా ఇంత ఏడవలేదు. అప్పుడు చుట్టూ జనం ఉన్నారు, వాళ్ళకు నీళ్ళు అందించే పని ఉంది. ఇప్పుడు ఏ పనీ లేదు. తన మీద తనకు మొట్టమొదటిసారి కోపం వచ్చింది. ఆ బటన్ తాను అంట్లు తోముతూ ఆలోచించి పెట్టిందే. పెద్దవాళ్ళు తికమక పడతారు, ఒకటే చాలు అని ఆరేళ్ళ క్రితం మీటింగులో వాదించింది తానే. బతికి ఉన్నారా లేదా అన్నదొక్కటే చాలని తానే తేల్చేసింది. బతికి ఉంటే బాగున్నట్టేనని ఆమెకు మాత్రం ఎవరు నేర్పారు? ఎవరూ ప్రత్యేకంగా కూర్చోబెట్టి నేర్పలేదు. పద్దెనిమిదేళ్ళుగా పొద్దున్నే లేచి, నిలబడి, అందరికీ అన్నీ అందించే మనిషిని ఎవరూ ఆపి ఇంకో ప్రశ్న అడగలేదు. ఆమె కూడా ఇంకో జవాబు తయారు చేసుకోలేదు. దిగాల్సిన స్టాపు దాటిపోయింది. వెనక్కి నడిచి వచ్చింది.

గురువారం సెక్రటరీ గారి బల్ల ముందు నిలబడి రెండో బటన్ కావాలంది. 'బాగోలేను' అని. అది నొక్కినవాళ్ళ పేర్లు జాబితాలో అందరికన్నా పైన రావాలి.

"అమ్మో! రోజూ అందరూ అదే నొక్కితే? మనకి వాలంటీర్లు ఆరుగురు."

"నొక్కితే ఎంతమంది ఉన్నారో తెలుస్తుంది కదండీ."

"తెలిసి ఏం చేస్తాం?"

"ముందు తెలియనివ్వండి," అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఆయన పెదవి విరిచి, "పోనీ, చిన్నగా మూలకి పెట్టు," అన్నారు. ఆమె రెంటినీ ఒకే కొలతతో పెట్టింది.

ఆ రోజంతా వంటగది గట్టు మీద కాదు, పడగ్గదిలో భర్త బల్ల మీద కూర్చుని పని చేసింది. ఆయన ఫైళ్ళు తీసి మంచం మీద పెట్టింది. ముందుగా ఆ తాత్కాలికపు పంక్తి చెరిపేసింది. ఇప్పుడు డబ్బా జవాబు చెప్పేముందు తన లోపలికి చూసుకుంటుంది. ఎక్కడన్నా పని పేరుకుపోయి ఉంటే, బాగోలేనని చెప్తుంది. రాయడానికి సరిగ్గా గంట పట్టింది. ఆ గంటలో అత్తగారు రెండుసార్లు, "అమ్మాయ్, టీ?" అన్నారు. "టీపొడి డబ్బా చేతికందేంత కిందే ఉంది అత్తయ్యా," అని లోపలినుంచే చెప్పింది. మూడోసారి పిలుపు రాలేదు.

శుక్రవారం పదింటికి, జాబితా వెళ్ళిపోయాక, కొత్త డబ్బాల్ని క్లస్టర్ మీదికి ఎక్కించింది. పాతవి ఒక్కొక్కటే దిగాయి, కొత్తవి ఒక్కొక్కటే లేచాయి. ఏదీ ఆగలేదు. ఆ తర్వాత చేసే పని ఒకటుంది. ఆమె ఎప్పుడు కొత్తది ఎక్కించినా, అసలు జాబితాలో తన పేరు తానే చేర్చుకుని చూస్తుంది. పరీక్షకి మోగించిన గంట వచ్చిందో లేదో, నొక్కితే అందిందో లేదో చూసి, సాయంత్రంలోగా ఆ పేరు తీసేస్తుంది. అలాగే ఇప్పుడూ దరఖాస్తు తెరిచి పేరు రాసింది. వయసు నలభై నాలుగు. ఇంటి నంబరు. 'మీతోపాటు ఇంట్లో ఇంకెవరైనా ఉంటారా?' ఉంటారు అని రాస్తే దరఖాస్తు ముందుకు కదలదు, ఆ నియమం కూడా తాను పెట్టిందే. అందుకని ఎప్పుడూ చూడకుండా 'లేరు' అని కొట్టేసేది. ఈసారి ఆ ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగింది. ఆగి, చూసి, 'లేరు' అని రాసింది.

సాయంత్రం అయింది. పేరు తీసేయాలి. తెరిచి, తన వరుస మీద వేలు పెట్టింది. హాల్లో భర్త, "నా బల్ల మీద ఫైళ్ళు ఎవరు కదిపారు?" అని అడుగుతున్నాడు. ఎవరు అని అడిగాడు కానీ ఎందుకు అని అడగలేదు. ఆమె తన పేరు తీయకుండానే ల్యాప్‌టాప్ మూసింది.

శనివారం ఉదయం ఏడింటికి, అందరి కాఫీలూ కలుపుతుండగా ఫోన్లో గంట మోగింది. 'నమస్కారం. ఈరోజు ఎలా ఉన్నారు?' కింద రెండు బటన్లు. బొటనవేలు అలవాటుగా ఆకుపచ్చ దాని మీదికి వెళ్ళింది. అక్కడే గాలిలో నిలబడింది. అడిగింది యంత్రమే, తెలుసు. అడగమని రాసింది తానే, అదీ తెలుసు. అయినా ఆ వాక్యం చివర ప్రశ్న గుర్తు ఉంది, దాని తర్వాత నీలం చొక్కా లేదు. ఆమె రెండోది నొక్కింది. నొక్కి, కాఫీ గ్లాసులు పట్టుకుని హాల్లోకి వెళ్ళింది.

పది దాటి ఇరవై నిమిషాలకు బయట సైకిల్ స్టాండు వేసిన చప్పుడు. గంట మోగింది. అత్తగారు తలుపు తీశారు. గుమ్మంలో మోకాళ్ళు పట్టుకుని ఆయాసపడుతూ ఒక పెద్దాయన. చేతిలో ఫోన్.

"పలకరింపు నుంచొచ్చానండీ. ఈ ఇంట్లో ఒంటరిగా ఉంటున్న ఒకావిడ బాగోలేదని నొక్కారు. మొదటి పేరే. అందుకని ముందిక్కడికే వచ్చాను."

"ఒంటరిగానా?" అత్తగారు నవ్వారు. "మాది నిండు సంసారం బాబూ. కొడుకు, కోడలు, మనవరాలు, నేను. ఒంటరివాళ్ళు ఎవరూ లేరిక్కడ. ఇల్లు తప్పొచ్చినట్టున్నావు."

"నంబరు ఇదేనండీ," అని కండక్టర్ మళ్ళీ ఫోన్లోకి చూశాడు.

సోఫాలోంచి భర్త పేపరు దించకుండానే, "ఆ కొత్త సర్వరు తప్పు చూపిస్తోందిలెండి," అన్నాడు. "మా ఆవిడే పెట్టింది. చెప్తా, సరిచేస్తుంది."

వంటగదిలో ఆమె కుళాయి కట్టేసింది. చేతులు తుడుచుకుని, తువ్వాలు గట్టు మీద పెట్టి, హాలు దాటి గుమ్మం దాకా నడిచి వచ్చింది. అత్తగారు పక్కకి జరిగారు. పేపరు కిందికి దిగింది.

"సర్వరు సరిగ్గానే చెప్తోంది," అంది. "ఈ ఇంట్లో ఒంటరిగా ఉంటున్నది నేనే. లోపలికి రండి, కండక్టర్ గారూ."